వంటనూనె వెల – అడవి విలువ

వెల వేరు, విలువ వేరు. గాలికి వెల లేదు. అయినను గాలి లేక మనము క్షణకాలము బ్రతుకజాలము. ఈ భేదము అందరమును ఎరిగినదే. కాని మన వంటింటి నూనెకును, సముద్రమున కావల నున్న సుమత్రా, బోర్నియో దీవుల అడవులకును గల సంబంధమంతయు ఈ చిన్న భేదము మీదనే ఆధారపడి యున్నదన్న సంగతి మనకు తరచుగా తట్టదు. అడవులు నశించుచున్నవని విన్నప్పుడు మానవుని దురాశను నిందించి ఊరకుందుము. దురాశ లేదని కాదు. అయితే, నరికినవానికి లాభమును, నిలిపినవానికి నష్టమును చూపు లెక్క యొకటి ఉన్నంతకాలము మంచివాడు సహితము గొడ్డలి పట్టక తప్పదు. ఆ లెక్క ఎట్టిదో, దానిని సవరించుటకు ఏమేమి యత్నములు జరిగినవో ఇచ్చట పరిశీలింతము.

మన దేశమున ఖర్చగుచున్న వంటనూనెలలో సగమునకు పైగా విదేశములనుండి వచ్చుచున్నది. అట్లు వచ్చు నూనెలలో పామాయిలుదే ప్రథమ స్థానము. ప్రపంచమున దానిని అత్యధికముగా దిగుమతి చేసికొను దేశము మనదే. చౌకధరల దుకాణములలో పామోలిన్ నూనె పంచిన రోజులు చాలమందికి జ్ఞాపకముండును. పామాయిలు మా యింట వాడమనువారును బజ్జీల బాండీ ద్వారమున, మిఠాయి కొట్టు ద్వారమున, బిస్కట్టులందును స్నానపు సబ్బులందును దానిని ఎరుగకయే వాడుచున్నారు. 2022 ఏప్రిల్ నెలాఖరున ఇండోనేషియా ప్రభుత్వము తమ దేశమున నూనె ధరలను అదుపు చేయుటకై ఎగుమతులను నిషేధించి, నాలుగు వారముల లోపున ఆ నిషేధమును తొలగించినది. ఒక దీవిలో తీసికొనిన నిర్ణయము మన అంగడి ధరను కదలింపగల దనుటకు ఇది చాలును.

ఆయిల్ పామ్ చెట్టు ఆసియా ఖండపుది కాదు. దాని పుట్టినిల్లు పశ్చిమ ఆఫ్రికా. అచ్చటి జనులు తరతరములుగా ఇండ్ల చుట్టును, పొలముల నడుమను దానిని కాపాడుకొని నూనె తీసికొనుచుండిరి. 1848లో జావా దీవిలోని బోగోర్ ఉద్యానవనమున నాలుగు మొక్కలను నాటిరి. వాని సంతతియే తరువాత సుమత్రాకు వ్యాపించినది. 1911లో సుమత్రాలోను, 1917లో మలయాలోని సెలాంగూర్ రాష్ట్రమునందును వ్యాపారము కొరకు తోటలు వెలసినవి. మలయాలోని రబ్బరు, కొబ్బరి, ఆయిల్ పామ్ తోటలలో పని చేయుటకు ఉత్తరాంధ్ర తీరమునుండి ఓడలెక్కి పోయిన తెలుగు కుటుంబముల వంశీయులు నేటికిని మలేషియాలో ఉన్నారు. 1956లో మలయాలో ఫెల్డా అను ప్రభుత్వ సంస్థ ఏర్పడినది. అది అడవులను నరికించి, తోటలు వేయించి, భూమి లేని పేదలను వానిలో నిలిపినది. పెక్కు కుటుంబములు దారిద్ర్యమునుండి బయటపడినవి. అడవి పోయినదన్నది ఎంత సత్యమో, పేదలు బాగుపడిరన్నదియు అంత సత్యము. ఈ రెండింటిలో ఒకదానిని దాచి రెండవదానిని మాత్రమే చెప్పుట సగము మాట చెప్పుటయే యగును.

ఈ చెట్టు ఇంతగా వ్యాపించుటకు కారణము దాని దిగుబడి. నాటిన మూడు, నాలుగు సంవత్సరములకు కాపునకు వచ్చి, సుమారు 25 ఏండ్లు ఏడాది పొడవునను గెలలు వేయును. మంచి తోటలో హెక్టారుకు, అనగా సుమారు రెండున్నర ఎకరములకు, ఏటా మూడు, నాలుగు టన్నుల నూనె వచ్చును. అంత భూమిలో సోయా వేసినచో వచ్చునది రమారమి అర టన్ను మాత్రమే. ఆవాలు, పొద్దుతిరుగుడు కూడ సాధారణముగా ఒక టన్నును మించవు. తక్కువ నేలలో ఎక్కువ నూనె నిచ్చు చెట్టు అడవులకు మిత్రము కావలయును గదా! అది శత్రువుగా ఎట్లు మారినదన్నది మొదటి ప్రశ్న.

తోట వేయదలచిన వ్యాపారి యొకని లెక్కల పుస్తకమును తెరచి చూతము. మొదటి మూడు, నాలుగు సంవత్సరములు తోటపై ఖర్చే కాని రాబడి లేదు. మొక్కలు, కూలి, కాలువలు, బాటలు – వీని కన్నిటికిని పెట్టుబడి కావలయును. బోడినేల తీసికొనిన ఆ సొమ్మును బ్యాంకులో అప్పు చేయవలయును. అడవినేల తీసికొనినచో దానిపై నున్న కలపయే ఆ సొమ్మును సమకూర్చును. ఇంతకంటె తీయని పెట్టుబడి వేరొకటి లేదు. సుమత్రా, బోర్నియోలలో అడవులు పోయి దర్భవంటి గడ్డి మాత్రమే మొలచు బీడు భూములు విస్తారముగ నున్నను, తోటలు వానిని విడిచి పచ్చని అడవులలోనికి పోవుటకు ఇది యొక ముఖ్య కారణము.

రెండవ కారణము హక్కులకు సంబంధించినది. బీడు భూమికి అనేకులు హక్కుదారులు. ఒక్కొక్క చెక్కకు ఒక్కొక్క కుటుంబముతో బేరమాడవలయును. అడవి యన్ననో కాగితముల మీద ప్రభుత్వము సొత్తు. తరతరములుగా అందు నివసించు ఆదివాసుల హక్కులు వ్రాతలో లేవు. కనుక ఒకే యొక అనుమతిపత్రముతో వేల హెక్టార్లు ఒక చేతికి వచ్చును. మూడవది, నూరేండ్లుగా ఆకురాలి కుళ్లిన అడవినేలలో తొలి సంవత్సరములు ఎరువు ఖర్చు, కలుపు ఖర్చు తక్కువ. ఐవరీ కోస్ట్ దేశమున కోకో పండించు చిన్న రైతులు, పాత తోటను తీసివేసి మరల నాటుటకంటె క్రొత్త అడవిని నరికి నాటుటయే చౌక యని ముందుకు సాగిపోయిన చరిత్రయు ఇట్టిదే. ప్రకృతి నూరేండ్లు దాచిన సారమును మొదట వచ్చినవాడు ఉచితముగ తీసికొనును. ఆర్థికవేత్తలు దీనిని అడవి యిచ్చు అద్దె యందురు. అయితే అద్దె పుచ్చుకొనువాడు ఇంటి యజమాని కాడు, నరికినవాడు!

నాలుగవది కర్మాగారము. కోసిన గెలను 24 గంటలలో, తప్పినచో 48 గంటలలోపున మిల్లుకు చేర్చవలయును. ఆలస్యమైనచో నూనెలో ఆమ్లము పెరిగి వెల పడిపోవును. కనుక మిల్లు తోటల నడుమనే ఉండవలయును. మిల్లుకు చాలినన్ని గెలలు దొరకవలెనన్న చుట్టును తోటలు దట్టముగ నుండవలయును. ఒక మిల్లు వెలసి, బాట పడినచో, ఆ చుట్టుపట్ల నున్న ప్రతి రైతునకును గెల అమ్ముకొను మార్గము దొరకినది. అంతవరకు నిలిచిన అడవి తునకలు అటుపై నిలువవు.

ఇక రెండవ పుస్తకమును తెరువవలయును. అడవి వాననీటిని పీల్చి ఏరులకు మెల్లగా విడుచును; వరదను ఆపును; ఒరాంగుటాన్ మొదలుగా ఎన్నియో ప్రాణులకు ఆశ్రయ మిచ్చును; గాలిలోని బొగ్గుపులుసు వాయువును తనలో నిలుపుకొనును. ముఖ్యముగా సుమత్రా, బోర్నియో తీరములలోని పీటు నేలలు గమనింపదగినవి. నీటిలో మునిగి పూర్తిగా కుళ్లని ఆకులు, వేళ్లు వేలకొలది ఏండ్లుగా పేరుకొని, కొన్నిచోట్ల పలు మీటర్ల లోతున నిండిన నేల లివి. తోట కొరకు కాలువలు త్రవ్వి నీటిని తీసివేసినచో ఆ నేల ఎండి, ఏటేటా క్రుంగును; నిప్పు తగిలినచో నెలల తరబడి లోలోపల రగులుచుండును.

1997లో అట్టి మంటల పొగ మలేషియా, సింగపూరులను కూడ క్రమ్మినది. 2015లో జూన్ మొదలు అక్టోబరు వరకు ఇండోనేషియాలో 26 లక్షల హెక్టార్లు కాలినవి. ఆ నష్టమును ప్రపంచ బ్యాంకు 1,610 కోట్ల డాలర్లుగా అంచనా వేసినది. అంతకు ముందు సంవత్సరము ఆ దేశపు పామాయిలు ఉత్పత్తి యంతయు ఆర్థిక వ్యవస్థకు చేర్చిన విలువ 1,200 కోట్ల డాలర్లని అదే అంచనా చెప్పుచున్నది. మంటలన్నియు పామాయిలు కొరకే పెట్టినవి కావు. అయినను ఒక దేశము ఐదు నెలలలో పొగ రూపమున పోగొట్టుకొనినది, తన ప్రధాన పంట ఏడాది పొడవున సంపాదించిన దానికంటె ఎక్కువ. లాభము ఒకరి పుస్తకమున పడినది. పొగ పీల్చిన పిల్లల దగ్గు ఏ పుస్తకమునను పడలేదు.

ఈ రెండవ పుస్తకము చెల్లకపోవుటకు కాలము కూడ ఒక కారణము. ఏటా నూటికి పది రూపాయల వడ్డీ గల చోట, 25 ఏండ్ల తరువాత రాబోవు నూరు రూపాయల నేటి వెల సుమారు తొమ్మిది రూపాయలు. 50 ఏండ్ల తరువాతి నూరు రూపాయలకు నేడు రూపాయి కూడ రాదు. అడవి చేయు మేలు మన మనుమల కాలమునకు చెందినది. కలప సొమ్ము ఈ ఏటిది. వడ్డీ కట్టు వ్యాపారి తన లెక్కలో తప్పు చేయుట లేదు. లెక్కయే మనుమలను పరిగణింపదు.

ఇట్లైనచో పామాయిలును బహిష్కరింతమని కొందరందురు. ఇది కొండ నాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినట్లగును. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము 2018లో ఈ విషయమును పరిశీలించి, పామాయిలు స్థానమున ఇతర నూనెలు పండింపవలెనన్న తొమ్మిది రెట్ల వరకు ఎక్కువ భూమి కావలసి వచ్చునని తెలిపినది. సుమత్రాలో ఆగిన గొడ్డలి దక్షిణ అమెరికాలో సోయా పొలము కొరకు లేచును. అంతియే గాక, ఇండోనేషియాలోని ఆయిల్ పామ్ విస్తీర్ణములో సుమారు ఐదింట రెండు వంతులు చిన్న రైతులది. దూరదేశపు అంగళ్లు తలుపు మూసినచో మొదట నష్టపోవునది పెద్ద కంపెనీ కాదు, రెండు హెక్టార్ల తోట గల కాపు.

మరి దిగుబడి పెంచినచో, ఉన్న నేలలోనే కావలసినంత నూనె వచ్చి అడవి మిగులదా? ఈ ఆశలో సత్యమున్నది గాని సగమే. మలేషియాలో ఒకప్పుడు కూలీలు పువ్వులకు చేతితో పుప్పొడి చల్లెడివారు. 1981లో కామెరూన్ దేశపు చిన్న ముక్కుపురుగును తెచ్చి తోటలలో వదలిరి. అది ఆ పనిని ఉచితముగ చేయసాగినది. కాపు పెరిగినది, కూలి ఖర్చు తగ్గినది. కాని తోటల విస్తీర్ణము తగ్గలేదు. 1980 ప్రాంతమున రమారమి 10 లక్షల హెక్టార్లుండిన మలేషియా తోటలు 2010 దశకమున 50 లక్షలు దాటినవి. వీనిలో కొంత భాగము పాత రబ్బరు, కోకో తోటల స్థానమున వచ్చినదే, కొంత అడవి. ఒక పంట లాభసాటి యగుకొలది దానిని వేయగోరువారు పెరుగుట లోకసహజము. దిగుబడి అడవిని కాపాడవలెనన్న, అడవి చుట్టును చట్టమను కంచె ముందుగానే ఉండవలయును.

అట్టి కంచెను ఇండోనేషియా ప్రభుత్వము 2011లో వేసినది. అంతవరకు నరకని మూలారణ్యములలోను, పీటు నేలలలోను క్రొత్త అనుమతులు ఇవ్వరాదని శాసించి, 2019లో దానిని శాశ్వతము చేసినది. 2012 తరువాతి దశాబ్దమున అచ్చట పామాయిలు కొరకు అడవి నరకుట చాలవరకు తగ్గినది. అయితే పూర్వమిచ్చిన అనుమతులకును, ఒకసారి నరకగా మరల పెరిగిన అడవులకును ఈ శాసనము వర్తింపదు. కంచె యున్నది గాని, దానికి ద్వారములును ఉన్నవి.

కొనువారి పక్షమునుండి కూడ యత్నములు జరిగినవి. 2004లో ఉత్పత్తిదారులు, వ్యాపారులు, ప్రకృతి సంరక్షకులు కలసి ధ్రువీకరణ సంస్థ నొకదానిని నెలకొల్పిరి. అడవి నరకరాదను నియమమును 2018లో దాని ప్రమాణములలో చేర్చిరి. 2020 డిసెంబరు 31 తరువాత అడవి నరకిన నేలలో పండిన పామాయిలు, కోకో, కాఫీ, రబ్బరు, సోయా మొదలగు సరుకులు తమ అంగళ్లకు రారాదని ఐరోపా సమాఖ్య 2023లో చట్టము చేసినది. దాని అమలు తేదీ ఒకటికంటె ఎక్కువసార్లు వాయిదా పడినది. ఉద్దేశము మంచిదే. కాని ప్రతి మడి హద్దులను పటములో చూపవలెనన్న చిన్న రైతునకు ఖర్చు అధికము. మరియొక చిక్కు కలదు. శుద్ధమైన నూనెను ఐరోపాకును, మిగిలిన నూనెను ప్రశ్న వేయని దేశములకును పంపినచో లెక్క సరిపోవును, అడవి మాత్రము మిగులదు. ప్రశ్న వేయని ఆ కొనుగోలుదారు ఎవరన్న, వెలను మాత్రమే చూచి కొను మన అంగడి కూడ అందులో నున్నది.

మూడవ మార్గము, అడవిని నిలుపువానికి సొమ్ము చెల్లించుట. మధ్య అమెరికాలోని కోస్టారికా 1996లో అడవి చట్టము చేసి, ఇంధనముపై విధించిన పన్నులో కొంత భాగమును అడవి గల భూస్వాములకు ఇచ్చుచున్నది. 1980 దశకమున బాగుగ క్షీణించిన ఆ దేశపు అడవులు నేడు భూభాగములో సగమునకు పైగా ఉన్నవి. ఇది కేవలము సొమ్ము మహిమ కాదు. అడవిని పొలముగా మార్చుటను అదే చట్టము నిషేధించినది, పశువుల పెంపకమున లాభము కూడ అంతకు ముందే తగ్గియుండెను. ఇండోనేషియాకు నూరు కోట్ల డాలర్ల వరకు ఇత్తుమని నార్వే 2010లో ఒప్పుకొనినది. సొమ్ము చేతికి వచ్చుటలో జాప్యము జరుగుటతో ఇండోనేషియా 2021లో ఆ ఒడంబడికను రద్దు చేసినది; 2022లో క్రొత్త ఒప్పందము కుదిరినది. నరకినవాని సొమ్ము ఈ నెల వచ్చును, నిలిపినవాని సొమ్ము పదేండ్లకును రానిచో అడవి ఎవరి పక్షమున నుండును?

మన దేశమున కూడ ఇట్టి యొక మంచి ప్రారంభము జరిగినది. డాక్టరు వై.వి. రెడ్డి అధ్యక్షతన పనిచేసిన 14వ ఆర్థిక సంఘము, కేంద్రపు పన్నులను రాష్ట్రములకు పంచునపుడు అడవి విస్తీర్ణమునకు నూటికి ఏడున్నర పాళ్ల ప్రాధాన్య మిచ్చినది. 15వ సంఘము దానిని పదికి పెంచినది. అడవి నిలుపుకొనిన రాష్ట్రము కోల్పోవు రాబడికి ఇది కొంత పరిహారము. అయితే ఆ సొమ్ము చేరునది రాష్ట్ర ఖజానాకు. గొడ్డలి పట్టవలెనో మానవలెనో తేల్చుకొనువాడు అడవి అంచున నున్న గిరిజనుడు. ఖజానానుండి ఆతని గుమ్మము వరకు బాట వేయుట ఇంకను మిగిలియున్న పని.

ఇక మన పొలముల సంగతి. దిగుమతులను తగ్గించుటకై భారత ప్రభుత్వము 2021లో 11,040 కోట్ల రూపాయలతో ఆయిల్ పామ్ పథకమును ఆమోదించినది. ఈ పంటలో ఆంధ్రప్రదేశము దేశమున అగ్రస్థానమున ఉన్నది, తెలంగాణము దాని వెనువెంట నున్నది. ఏలూరు సమీపమున పెదవేగిలో జాతీయ పరిశోధన సంస్థ కలదు. మన రైతులు అడవిని నరికి కాక, పూర్వము వరి, చెరకు, పొగాకు మొదలగునవి పండిన మెట్ట, మాగాణులలోనే దీనిని వేయుచున్నారు; కొందరు చెట్ల నీడన కోకో కూడ పెంచుచున్నారు. కనుక ఇచ్చట పండిన ప్రతి టన్నును సుమత్రా అడవిపై ఒత్తిడిని కొంత తగ్గింపగలదు. కాని సుమత్రాలో వాన యిచ్చు నీటిని ఇచ్చట బోరు ఇవ్వవలయును. ఎండకాలమున చెట్టొక్కటికి రోజుకు 200 లీటర్ల మేర నీరు కావలయును. ఎకరమునకు చెట్లు 57. అచ్చట అడవి వెల కట్టబడనట్లే ఇచ్చట భూగర్భజలము వెల కట్టబడుట లేదు. అదే పథకములో సుమారు సగము విస్తీర్ణమును ఈశాన్య రాష్ట్రములకు ఉద్దేశించిరి. అచ్చటి కొండల అడవులకు నష్టము రాకుండ ఆ పని జరుగవలయును. లేనిచో సుమత్రా కథను మన యింటనే తిరిగి వ్రాసికొనినట్లగును.

పంటయు అడవియు ఎల్లప్పుడు శత్రువులే కానక్కరలేదు. అరకు, పాడేరు కొండలలో గిరిజనులు పోడు కొట్టుటకు మారుగా చెట్ల నీడన కాఫీ పెంచుచున్నారు. ఆ చెట్లకు మిరియపు తీగను ప్రాకించుచున్నారు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. నీడ కొరకు నాటిన సిల్వర్ ఓకు తోపు సహజారణ్యముతో సమానము కాదు. అయినను చెట్టు నిలిచియున్నచోనే తన పంట నిలుచునన్న ఎరుక రైతునకు కలిగించుట చిన్న సంగతి కాదు. అచ్చట చెట్టును కాపాడునది ఉపదేశము కాదు, లెక్క.

ఎవరికిని ఉపయోగపడని శోభను అడవి కాచిన వెన్నెల యని మనవారు చెప్పుదురు. నూనె వెల కట్టువారు ఇన్నాళ్లును అడవి చేయు మేలునంతను అట్టి వెన్నెలగానే ఎంచిరి. ఆ వెన్నెల మన ఏరులలో నీరై, మన వానలలో అదనై, పిల్లల ఊపిరియై మనకు అందుచునే యున్నది. చట్టము కంచె వేయవచ్చును, అంగడి ప్రశ్న వేయవచ్చును, ప్రభుత్వములు పరిహార మీయవచ్చును. వీనిలో ఏ యొక్కటియు ఒంటరిగా చాలదు. వీని ఖర్చులో కొంత మన నూనె వెలలో చేరక తప్పదు. దానిని పేదవాని బాండీ మీదనే మోపుట న్యాయము కాదు గనుక, ఎవరెంత భరింపవలెనన్నది మనము ముందుగనే తేల్చుకొనవలసిన ప్రశ్న. నేడు మనకు చౌకగ దొరకు నూనెలో ఒక భాగము నిజముగా చౌక కాదు, అప్పు. దానిని తీర్చువారు మన తరువాత పుట్టబోవువారు.